మీ అమ్మ ఎవరని అడిగారు

అమ్మకు,

నీ పెద్దోడు నమస్కరించి రాస్తున్నది. నేను క్షేమం. క్షేమం అంటే ఒళ్ళు బాగానే ఉంది, మనసు సంగతి కింద రాస్తాను. మీరిద్దరూ బాగున్నారని పోయిన ఉత్తరంలో చూసి సంతోషించాను. చెల్లీ, ఇది అమ్మకు చదివి వినిపించేది నువ్వే కాబట్టి ముందే చెబుతున్నాను. ఎక్కడా దాటెయ్యకు, నీకు తోచినట్టు మార్చి చదవకు. అమ్మకు కళ్ళు మసకబారాయి గానీ చెవులు కాదు. నీ గొంతు తడబడితే ఇట్టే పట్టేస్తుంది. తలుపు వేసుకుని చదువు.

అమ్మా, ముందు నువ్వు అడిగినవాటికి జవాబులు. భుజం నొప్పి తగ్గింది. తిండి వేళకే తింటున్నాను. మేస్త్రీ ఇంకా తిడుతున్నాడా అని అడిగావు. తిడుతున్నాడు. కానీ ఇప్పుడు పెద్ద పని ఏదొచ్చినా నన్నే పిలిచి తిడుతున్నాడు కాబట్టి నాకు పని వచ్చినట్టే. "ఇంటి అడ్రసు ఇవ్వకుండా షాపు అడ్రసుకే ఉత్తరాలు రాయమంటావేం, పిల్లెవరైనా ఉందేమిట్రా" అని రాయించావు. పిల్లా లేదు, పెళ్ళీ లేదు. కారణం వేరే ఉంది. దానికే ఈ ఉత్తరం. ఫోన్‌లో అయితే నువ్వు ఏడుస్తావు, నేను పెట్టేస్తాను. కాగితం పెట్టెయ్యదు.

ఆసుపత్రిలో పద్దెనిమిదో తేదీ ఖాయం చేశారు. కంటి ఆపరేషన్ అయ్యాక మూడు వారాలు ఇక్కడే ఉండి చూపించుకుంటూ ఉండాలట. "ఎక్కడో ఎందుకు, నీ గదిలోనే ఉంటాగా" అని నువ్వు తేలిగ్గా రాయించావు. ఆ ఒక్క మాటతో నేను ఇరుక్కుపోయాను.

నేనుండే పేట గురించి ఒకసారి పేపర్లో రాశారు. ఇక్కడ పది రకాల మనుషులు కలిసిమెలిసి బతుకుతున్నారట. రాసినవాడు ఇక్కడ గది కోసం తిరిగి ఉండడు. కలవడం కలుస్తారు. కొట్టు దగ్గర కలుస్తారు, బస్సులో ఒకరి కాలు ఒకరు తొక్కుకుంటారు. సాయంత్రం అయ్యేసరికి ఎవరి సందులోకి వాళ్ళు. ఈ సందు వీళ్ళది, ఆ సందు వాళ్ళది, చివరి రెండూ ఎవరికీ పట్టనివాళ్ళవి. నేను మురుగు పైపులు బాగు చేసేవాణ్ణి, నాకు తెలుసు కదా. ఈ పది రకాల వాళ్ళ మురుగూ మలుపు దగ్గర ఒకే గొట్టంలో పడుతుంది. అక్కడ ఎవరికీ అభ్యంతరం లేదు.

వచ్చిన కొత్తలో గది కోసం పదిహేడు ఇళ్ళు తిరిగాను. నీకు చెప్పలేదు. ఒకాయన వరండాలోంచి కిందకు కూడా దిగలేదు.

"ఎవరు మీరు?"

"ప్లంబర్నండీ."

"అది పని. మీరెవరూ అని."

"మనిషినండీ."

"గది ఇందాకే ఇచ్చేశాం."

నీవైపు వాళ్ళ సందులో ఒకావిడ లోపలికి పిలిచి మంచినీళ్ళు ఇచ్చింది. నీ పేరు చెబితే ముఖం వెలిగిపోయింది. తర్వాత నాన్న పేరు అడిగింది. "ఓ, ఆయన అటువాళ్ళా!" అంది. "ఇల్లు రిపేరు చేయించాలనుకుంటున్నాం బాబూ, ఏమీ అనుకోకు." ఏమనుకోవాలి? అంతకు ముందు రోజే వాళ్ళ వంటింటి కుళాయి బిగించాను. సింకు కింద వెల్లకిలా పడుకుని ఉన్నప్పుడు మీ నాన్న ఎవరని ఆవిడ అడగలేదు. పానా తిరిగేటప్పుడు అక్కర్లేని పుట్టుక, తాళంచెవి ఇచ్చేటప్పుడు కావాల్సి వచ్చింది.

నువ్వూ నాన్నా ఎవరినీ అడక్కుండా పెళ్ళి చేసుకున్నారు. మంచిదే. కానీ ఇద్దరి వైపులవాళ్ళూ మమ్మల్ని సగం సగం చూసి, రెండు సగాలూ వద్దన్నారు. ఇది నీ మీద కోపం కాదు. నీ మీద కోపం అయితే ఈ ఉత్తరం ఇంత కష్టంగా ఉండేది కాదు.

పద్దెనిమిదో ఇల్లు ఇప్పుడున్నది. ఇంటావిడ నాన్నవైపు మనిషి, పెద్దావిడ, ఒక్కతే ఉంటుంది. నేను పెద్దమ్మా అంటాను. నా పేరు విని, "మనవాడివేగా" అంది. తర్వాత, "మరి అమ్మ ఎవరమ్మాయి?" అంది.

చెల్లీ, ఇక్కడ ఆగకు. చదువు.

అమ్మా, నేను "అమ్మ లేదండీ" అన్నాను.

అనుకుని అన్నది కాదు. పదిహేడు గడపలు ఎక్కి దిగిన కాళ్ళు అన్నాయి ఆ మాట. ఆవిడ "అయ్యయ్యో" అని నా భుజం మీద చెయ్యి వేసి, లోపలికెళ్ళి తాళంచెవి తెచ్చింది. అంత సులువు. ఏం జబ్బు చేసిందని కూడా అడిగింది. జ్వరం అన్నాను. మూడు రోజుల జ్వరంతో తేల్చేశాను, నిన్ను ఎక్కువ బాధపెట్టలేదు.

పోనీ ఆవిడ పిసినారి అయినా, నోటి దురుసు మనిషి అయినా బాగుండేది. అదీ కాదు. తల్లి లేని బిడ్డ అని ఏది వండినా ఒక గిన్నె పైకి పంపుతుంది. దగ్గితే కషాయం. చొక్కా చిరిగితే లాక్కుని కుట్టేస్తుంది. నేను వేళకు తింటున్నానని పైన రాశానే, ఆ తిండి ఇదే. నిన్ను చంపి తెచ్చుకున్న తిండి.

ఇంకొకటి కూడా చెప్పాలి, ఇది మొదటిదానికన్నా నీచం. నువ్వు వస్తానన్నాక నీకు ఇంకో ఉత్తరం రాశాను. ఇంటావిడ ముందు నువ్వు నా పిన్నివని చెప్పమనీ, మీ వైపు మాట దొర్లకుండా చూసుకోమనీ, నీ పేరు కూడా మార్చి చెప్పమనీ. అతికించి, జేబులో పెట్టుకుని కిందకు దిగాను. గుమ్మంలో పెద్దమ్మ ఎవరో కొత్తావిడతో మాట్లాడుతోంది. నన్ను చూపించి, "పాపం, తల్లి లేదు వీడికి" అంది. నేను ఏమీ అనుకోకముందే నా ముఖం దానంతటదే దిగులుగా మారిపోయింది. అలవాటైపోయింది అమ్మా. ఎవరైనా ఆ మాట అంటే చాలు, నా తల వంగుతుంది. నువ్వు అక్కడ హాస్టలు పిల్లల బట్టలు ఇస్త్రీ చేసుకుంటూ, కనబడని కళ్ళతో మడతలు తడుముకుంటూ ఉంటావు. ఇక్కడ నేను నీ కోసం దిగులు ముఖం పెడతాను. వీధి చివర ఆ ఉత్తరం చింపేశాను. నా మీద నాకు వచ్చినంత కోపం ఆ వరండా పెద్దమనిషి మీద కూడా రాలేదు.

పోయిన ఆదివారం పొద్దున పెద్దమ్మ ముందు నిలబడ్డాను. ఆవిడ ఆరిన దుప్పట్లు మడతపెడుతోంది. రెండో కొస నన్ను పట్టుకోమంది. పట్టుకునే చెప్పాను.

"పద్దెనిమిదిన మా అమ్మను తీసుకొస్తున్నాను. కంటి ఆపరేషను."

"ఏ అమ్మ?"

"నాకున్నది ఒక్కతే."

దుప్పటి ఆవిడ వైపునుంచి జారిపోయింది. "పోయిందన్నావు కదరా."

"అబద్ధం చెప్పాను."

"అంత మాట ఎలా వచ్చింది నోటికి?"

"మా అమ్మ ఎవరో చెబితే గది ఇవ్వరని."

"ఏం, ఎవరావిడ?"

చెప్పాను. వంటింట్లో కుళాయి కారుతోంది, వాషరు పోయినట్టుంది, నాకు అదొక్కటే వినబడుతోంది.

"నీ కోసం నేను ఏడ్చానురా. బతికున్న తల్లిని చంపుకుని నా గిన్నెలో ఎలా తిన్నావు?" అంది. "నెలాఖరుకు గది ఖాళీ చెయ్యి."

"మా అమ్మ అటువాళ్ళనా, నేను అబద్ధం చెప్పాననా?"

"అబద్ధానికే."

"ఆ రోజు నిజం చెప్పుంటే తాళంచెవి ఇచ్చేవారా?"

ఆవిడ దుప్పటి తీసి మళ్ళీ మొదటినుంచి మడతపెట్టడం మొదలుపెట్టింది. నాకు ఒళ్ళు మండిపోయింది. తిట్టినా బాగుండేది, అవునన్నా కాదన్నా బాగుండేది. అప్పటినుంచి గిన్నె రావడం లేదు. రాకూడదు కూడా.

ఇంకెవరి దగ్గరా నిన్ను దాచను. నన్ను క్షమించమని అడగను, అడిగితే నువ్వు వెంటనే క్షమించేస్తావు, నాకది వద్దు. వచ్చాక రెండు తగిలించు. నాన్న పోయాక ఇద్దరి వైపులా ఎవరూ గడప తొక్కనివ్వకపోయినా, నువ్వు ఒక్కసారి కూడా మా నాన్న ఎవరో దాచమని మాకు చెప్పలేదు. ఆ బుద్ధి నాకు రాలేదు.

పద్దెనిమిదికి రెండు రోజుల ముందే బయలుదేరండి. నెలాఖరు దాకా ఈ గది నాదే, నువ్వు ఇక్కడికే వస్తావు. నెలాఖరు నాటికి నీ కంటి కట్టు విప్పి ఇంకా వారమే అవుతుంది, అప్పుడు వేరే చోటు కావాలి. రేపటినుంచి పని అయ్యాక వెతుకుతాను. పందొమ్మిదో ఇల్లు, ఇరవయ్యో ఇల్లు. ఈసారి వాళ్ళు అడిగేదాకా ఆగను. గుమ్మంలోనే నీ పేరు చెబుతాను, నాన్న పేరు చెబుతాను, తలుపు వేసేవాడు వేసుకుంటాడు. దొరక్కపోతే షాపు వెనక పైపులు పెట్టే గది ఖాళీ చేసి ఇస్తానన్నాడు మేస్త్రీ. అది అడిగినందుకు తిట్టాడు కూడా.

ఒక సంగతి మిగిలింది. ఆదివారం నేను కోపంగా తిరిగి మెట్లు ఎక్కుతుంటే వెనకనుంచి పెద్దమ్మ గొంతు వినబడింది. "ఆవిడ ఈ మెట్లు ఎక్కగలదా? కింద గదిలో మంచం వెయ్యనా?" అంది. ఆ గొంతులో కోపం ఏమాత్రం తగ్గలేదు. నేను వినబడనట్టు పైకి వచ్చేశాను. ఆవిడ అడిగింది నీ గురించి. నువ్వు వచ్చి, ఆవిడ ఎదురుగా నిలబడి, నువ్వే చెప్పు.

ఇట్లు,
తల్లి ఉన్నవాడు,
నీ పెద్దోడు