చెక్క బండిలో వాన

జార్జ్ టౌన్
15 నవంబరు 1936, ఆదివారం

సెలవులకి సముద్రం ఒడ్డున మకాం వెయ్యడానికి, కారు వెనక తగిలించుకునే చెక్క బండిని ఇవాళ వడ్రంగి షెడ్డులో చూశాం. దానికి బదులుగా మా పాత కాన్వాసు బండిని ఇచ్చెయ్యాలిట.

చూస్తుండగానే వాన పట్టుకుంది. ఆయనా, కమలా, నేనూ ముగ్గురం ఆ చెక్క బండిలోనే కూర్చున్నాం.

"ఇంక తడవక్కర్లేదు లా, అమ్మా," అంది మా కమల, ఈ ఊరి వాళ్లలా మాట చివర 'లా' తగిలించి. "నీ కేకలూ ఉండవు."

నిజమే. పాత బండిలో వానొస్తే, లోపల్నుంచి గుడ్డకి చెయ్యి తగిలిన చోటల్లా నీళ్లు కారేవి. "తగలొద్దు, తగలొద్దు" అని నేను అరుస్తుంటే, అందరం మధ్యలో ఒకే దుప్పటి కింద ముడుచుకునేవాళ్లం. కమల నా ఒళ్లోనే నిద్రపోయేది. ఇప్పుడు దానికి పదహారు. వచ్చే ఏడు ఓడెక్కి, సముద్రం దాటి మద్రాసు కాలేజీకి వెళ్లిపోతుంది. నేను వదల్లేనిది ఆ గుడ్డనో, ఆ చిన్నపిల్లనో తెలియడం లేదు.

"ఏటంటావు మరి?" అన్నారు ఆయన.

కమల వైపు చూశాను. గోడ చెక్కదే, తగిలినా నీళ్లు కారవు. అయినా కమల పాత అలవాటున మోకాళ్లు దగ్గరికి లాక్కుని, గోడకి తగలకుండా నా పక్కకి జరిగి కూర్చుంది.

"పాతది ఇచ్చేద్దాం," అన్నాను.

ఇప్పుడు మళ్లీ వాన. పెరట్లో ఆ కాన్వాసు మీద చినుకుల చప్పుడు వినిపిస్తోంది. తొందరపడ్డానేమో...