యోసేపు మీద పడని వెలుగు

మ్యూనిక్,
డిసెంబరు 2

ప్రియమైన చెల్లెమ్మ ఏసుకుమారికి,

మన తెలుగు సహవాసం సెక్రటరీ రూఫస్ వందనాలు. క్రిస్మస్ నాటకానికి మీరు బొమ్మ వేసిన తెర అందింది. ఊబాన్ రైల్లో తెస్తుంటే ఇద్దరు జర్మన్లు లేచి చోటిచ్చారు, నాకు కాదు, తెరకి. కానీ పశువుల పాకంతా చీకటిగా ఉంది. బిడ్డ చుట్టూ తప్ప ఎక్కడా వెలుగు లేదు. యోసేపైతే స్తంభం వెనక ఉన్నాడో లేడో తెలియడం లేదు. పాక కప్పు కూడా విరిగి ఉంది.

మీ అన్నయ్య,
రూఫస్

తా.క. రంగు అయిపోయి ఉంటే మొహమాటపడకుండా చెప్పండి.

డిసెంబరు 5

రూఫస్ అన్నయ్యకి,

వందనాలు. రంగు అయిపోలేదు. ఇక్కడి మ్యూజియంలో ఐదొందల ఏళ్ల నాటి పటం ఒకటుంది, దాన్ని చూసి వేశాను. అందులో చంద్రుడు లేడు, దీపం లేదు. వెలుగంతా బిడ్డ ఒంట్లోంచే వస్తుంది. అందుకే మరియ ముఖం మెరుస్తుంది, ఆమె నీలం పైవస్త్రం కిందికి పోయేకొద్దీ నల్లబడుతుంది. యోసేపు దూరంగా ఉన్నాడు, ఆయనకు అందేది అంతే. కప్పు విరిగితేనే కదా ఆకాశం కనపడేది.

మీ చెల్లెలు,
ఏసుకుమారి

తా.క. దయచేసి స్టేజీ లైట్లు వేయించకండి. వెలుగు బిడ్డలోంచే రావాలి.

డిసెంబరు 9

చెల్లెమ్మా,

వందనాలు. ఇప్పుడు అర్థమైంది. మీరు చెప్పినట్టే బిడ్డ దగ్గర తెరకి చిల్లు పెట్టి, వెనక బల్బు బిగించాను. కత్తెర కాస్త జారి, పక్కన మోకరించిన గొర్రెల కాపరి ముక్కు పోయింది. వాణ్ణి ఎవరు చూస్తారు లెండి. యోసేపు మాత్రం ఇంకా చీకట్లోనే ఉన్నాడు.

మీ మాట జవదాటని
రూఫస్

తా.క. దాచడం ఎందుకు. సెప్టెంబరులో నన్ను మోకరించమని, దుప్పటి కప్పి ఫొటో తీసుకున్నారు కదా. యోసేపు నేనేనని కాకినాడలో అమ్మకి చెప్పేశాను. ఆదివారం నాటకం వీడియోలో చూస్తుంది. చీకట్లో నన్నెలా గుర్తుపడుతుంది?

డిసెంబరు 11

అన్నయ్యకి,

చిల్లు సంగతి చదివి అన్నం సయించలేదు. మూడు నెలల పని అది. తాజాకలం చదివాక మాత్రం నవ్వాగలేదు. యోసేపు మీరు కాదు. ఆయనకి నేను పనిచేసే కీటాలో, అదే పసిపిల్లల బడిలో, వండిపెట్టే ముసలాయన ముఖం పెట్టాను. మీది భక్తి గల ముఖమని, బిడ్డకు అందరికన్నా దగ్గరగా, వెలుగంతా పడేచోట మోకరింపజేశాను. మీరు కోసుకున్నది మీ ముక్కే.

శనివారం తెర పట్టుకుని మా ఇంటికి రండి. వెనక గుడ్డ అతికించి బిడ్డని, మిమ్మల్ని మళ్లీ వేస్తాను. బల్బు ఇంట్లోనే వదిలిరండి.

కోపం తగ్గిన చెల్లెలు,
ఏసుకుమారి

తా.క. సూజీ వదిన దగ్గర నంబరు తీసుకుని అమ్మగారికి ఫోన్ చేశాను. "కాపరైతే మంచిదేలే అమ్మా. గానీ మావోణ్ణి మోకాళ్ల మీద ఎలా నిలబెట్టావు? ఇరవయ్యేళ్లు ఇంట్లో ప్రార్థనకి పిలిచాను, ఒక్కనాడూ కుర్చీ దిగలేదు," అన్నారు.