ఇటుకలు కాని బేళ్లు

జూన్ 3
పీహెచ్‌డీ ఇంటర్వ్యూకు తొమ్మిది రోజులు. నా కంప్యూటర్ ప్రోగ్రాం పనిచేస్తోంది. బట్టల బేళ్ల కొలతలిస్తే చాలు, లారీలో ఏది ఎక్కడ పెట్టాలో బొమ్మ గీసి చూపిస్తుంది. పోశెట్టి మామ నింపేదానికన్నా నాలుగు బేళ్లు ఎక్కువే పట్టించింది. భలే గర్వంగా ఉంది.

జూన్ 4
మాన్కోలిలో మామ పనిచేసే గోదాముకు పోయి బొమ్మ చూపించా. అమ్మ తమ్ముడు, ఇరవై ఏళ్లుగా లారీలు నింపుతున్న మనిషి. కాగితం తిప్పి తిప్పి చూశాడు.
"మంచిగనే ఉంది బిడ్డా. గని మాల్ ఇటుకలు గాదు కదా."
తర్వాత నింపి చూపించాడు. ప్రతి వరసా క్యాబిన్ వైపు కొంచెం వాలుగా. గుంతల్లో కుదుపులకు బేళ్లు అణుగుతాయి, అణిగితే ముందుకే ఒరగాలి, వెనక తలుపు మీద పడొద్దు... టేపు లేదు, లెక్క లేదు. అరచేత్తో బేలును ఒత్తి చూస్తాడు, అంతే.
మగ్గాల చప్పుళ్ల మధ్య పుట్టి పెరిగి, బట్టను ఇటుక అనుకున్నా. సిగ్గేసింది. మామ అంటే ఎంత గౌరవం కలిగిందో చెప్పలేను.

జూన్ 8
మూడు రోజులు మామ వెంటే. వాలు ఎంతో కొలిచా - బేలు మెత్తదనాన్ని బట్టి మారుతోంది. ప్రోగ్రాం మొత్తం తిరగరాశా. ఇప్పుడిది నిజంగా పరిశోధనలా ఉంది.

జూన్ 12
ఇంటర్వ్యూ. మేడం ముందుకు వంగి అడిగింది - "మెత్తటి వస్తువుల వాలు... ఇది ఎక్కడ చదివారు?"
"నా సొంత పరిశీలన, మేడం."
ఎందుకన్నానో. హమాలీ మామ అని చెప్పడానికి నోరు రాలేదు.

జూన్ 13
వరాలా తలావ్ చెరువు దగ్గర మామ ఎదురయ్యాడు.
"నా ముచ్చట జెప్పినవా?"
"చెప్పిన మామా."
ఎంత మురిసిపోయాడో.

జూన్ 15
గోదాములో అందరికీ చెప్పాడట, "మా కోడలు పెద్ద సార్ల ముంగట నా పేరు దీసింది" అని. అమ్మ నవ్వుతూ చెబుతోంది. అన్నం సయించలేదు.

జూన్ 19
మేడం మెయిల్. ఆలోచన నచ్చిందట. ఆ పరిశీలన ఎక్కడ, ఎవరి పని చూసి చేశానో రాసి పంపాలట. సీటు సంగతి ఆ తర్వాతే.

జూన్ 20
రాశాను. వాలు ఆలోచన నాది కాదని, ఆ రోజు అబద్ధం చెప్పానని. కింద మామ పూర్తి పేరు. సీటు ఉంటుందో, ఊడుతుందో...
ఇంకా పంపలేదు. పొద్దున మామకు ఫోన్ చేశా, మాట్లాడాలి అని.
"రా బిడ్డా, ఒక గాడీ ఉన్నది. నింపుకుంట మాట్లాడుదాం. మీ పెద్ద సార్లను గూడ ఒకపాలి తోల్కరా, సూపెడ్త."
మాన్కోలి బస్సులో ఉన్నా. మొదటి మాట ఎట్లా ఎత్తుకోవాలో తెలియడం లేదు.