నీ గంగరావి చిగుళ్ళు

రత్నం,

నువ్వు పోయి ఇవాళ్టికి ఏడాది. నీ చెట్టు సంగతి నీకే చెప్పాలి, ఇంకెవరికి చెప్పను?

చెట్టును పుస్తకంలో చదివితే చాలదని మన అయ్యవారు తరగతి మొత్తాన్నీ సారం ఊరికి పోయే బాటకు తీసుకెళ్ళి, తలా ఒక గంగరావి కొమ్మ నాటించారు కదా. నువ్వు జ్వరంతో పడ్డాక నీ చెట్టుకు కూడా నేనే నీళ్ళు పోశాను. అది నా తలను మించి ఎదిగింది.

కొత్త గవర్నరు వస్తున్నాడని పోయిన నెల సముద్రం ఒడ్డున పందిరి తలపెట్టారు. గుంజలకు మన చెట్లు చూపించింది ఎవరో కాదు, అయ్యవారే. "నరకడమూ పనే, నేర్చుకోండి" అని గొడ్డళ్ళు మా చేతికే ఇచ్చారు. నేను పట్టుకోలేదు. నీ చెట్టును ఆయనే నరికారు.

ఈ పొద్దున మీ అమ్మ నీళ్ళ బిందెతో వచ్చి, "మావోడి పూవరసు యాడరా?" అంది. గంగరావిని మీ ఇంట్లో అలాగే అంటారు కదా. పందిరి దగ్గరికి తీసుకెళ్ళి చూపించాను. పచ్చి గుంజ కదా, వాన పడగానే రెండు చిగుళ్ళు వేసింది. ఆమె దాని మొదట్లో నీళ్ళు పోసింది.

అంతలో అయ్యవారు వచ్చారు.

"ఏందమ్మా ఇది? దొరలొచ్చే తావు. ఒరే, ఆ చిగుళ్ళు గిల్లెయ్. గుంజ గుంజ మాదిరే ఉండాల."

నేను కదల్లేదు. ఆయనే గిల్లాడు. అవును, గిల్లాడు అనే రాస్తున్నాను.

రత్నం, చిగురేస్తేనే కొమ్మ బతికినట్టని మనకు నేర్పింది ఆయనే.