కిటికీ పక్క సీటు

మావా,

ఇటలీలో సముద్రం ఒడ్డున నేపుల్స్ అనే ఊరుంది. మన తోట కాఫీ నచ్చి, పండించినవాళ్లను చూడాలని అక్కడివాళ్లు మే నెలలో రమ్మన్నారు. పెట్టె సర్దుతుంటే నీ తమ్ముడు వచ్చాడు.

"పాడేరు జీపెక్కితేనే కక్కేత్తావు, నీకు ఇమానమేటి వదినా? నానెల్తాను."

"మీ అన్న పోయాక తోట సేసింది నాను. కక్కుకుంటే కక్కుకుంటాను, నానే ఎల్తాను" అన్నాను.

చీరల మధ్య ఎండు ఉసిరి ముక్కలు పెట్టుకున్నాను. జీపులో నాకు కిటికీ పక్క సీటు కోసం నువ్వు అందరితో గొడవపడేవాడివి. విమానం కిటికీ తెరుచుకోదట. అయినా సరే, అదే కావాలన్నాను. టికెట్లు తీసినాయన ముందు కుదరదన్నాడు, చివరికి ఇచ్చాడు.

ఈసారి ఆ గొడవ కూడా నేనే పడ్డాను మావా.