గడ్డి సంగతి

ప్రియమైన పిచ్చుకకి,

ఫోన్లో అయితే నువ్వు సగం విని ఊఁ కొడతావు, అందుకే రాస్తున్నాను. నువ్వు నడిపే విమానం మా రన్‌వే మీదే దిగుతుంది, అయినా మన డ్యూటీలు కలిసి చావవు. ఈ కాగితం పైలట్ల గదిలో నీ అరలో పెట్టిస్తాను.

పక్షుల్ని తోలడానికి డేగ అరుపు వినిపించే మైకు పెట్టారని చెప్పాను కదా. మొదట్లో కొంగలు బెదిరాయి. ఇప్పుడు ఆ మైకు మీదే కూర్చుని ఈకలు సర్దుకుంటున్నాయి. జీపు హారన్ కొడితే మర్యాదగా పక్కకి జరిగి, నేను వెళ్ళాక మళ్ళీ వస్తాయి.

అసలు బాధ గడ్డితో. రన్‌వే పక్కన గడ్డి సంగతి తేల్చమని మేనేజరుకి చెప్పీ చెప్పీ నోరు నొప్పి పుట్టింది. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే. అదే ఒక పైలట్ అంటే పరుగెత్తి చేస్తాడు. నా మాట ఆయనకి గడ్డిపోచతో సమానం.

అమ్మ కంటి ఆపరేషన్‌కి సెలవు పెట్టి వెళ్తున్నాను. బాబాయి ఈసారీ అడుగుతాడు, ఎయిర్‌పోర్టులో ఏం గడ్డి పీకుతున్నావే అని.

విసిగిపోయిన
నీ అక్క

*

ప్రియమైన అక్కకి,

నీ కష్టం తీరింది. దిగగానే యూనిఫాంలోనే మీ మేనేజరు గదికి వెళ్ళాను. గడ్డి మోకాలి దాకా పెరిగింది, పైనుంచి అడవిలా కనబడుతోంది, వెంటనే కొట్టించండి అన్నాను. నీకు మాట రాకూడదని నీ పేరు ఎత్తలేదు. కాఫీ ఇప్పించి మరీ ఒప్పుకున్నాడు. నువ్వు సెలవు నుంచి వచ్చేలోపు మిషన్లు పెట్టి నున్నగా చేయిస్తాడట.

బాబాయి అడిగితే చెప్పు, గడ్డి పీకించేది చెల్లి అని. కట్టు విప్పాక అమ్మకి ముందు నా ఫోటో చూపించు.

నీ ముద్దుల
పిచ్చుక

*

పిచ్చుకా,

ప్రియమైన అని రాయడానికి చెయ్యి రావడం లేదు. గడ్డి కొట్టించమని నీతో ఎవరన్నారు? కొట్టించవద్దనే కదా ఇన్నాళ్ళూ ఆయనతో మొత్తుకుంటున్నాను. గడ్డి ఎత్తుగా ఉంటే కొంగకి పురుగు కనబడదు, నక్కిన పిల్లీ కనబడదు. అందుకే దిగదు. గుండు గొరిగినట్టు కొట్టిస్తే దానికి వడ్డించిన విస్తరే. మిషన్ల వెనకాల మిడతలు లేస్తుంటే చుట్టుపక్కల కొంగలన్నీ ఇక్కడే చేరాయి. నిన్న డ్యూటీలో చేరాకే నీ ఉత్తరం అందింది, బయటికెళ్ళి చూస్తే తెల్లదుప్పటి పరిచినట్టుంది. పటాకుల తుపాకీ పేల్చాను, అరిచాను, గొంతు పోయింది.

ఈ ఉదయం పైకి లేస్తున్న ఒక విమానం ఆ గుంపులోకి వెళ్ళింది. ఒక ఇంజను ఆగిపోయింది. తిరిగొచ్చి దిగింది, ప్రయాణికులంతా క్షేమమేనట. నేను రన్‌వే మీద ఈకలు ఏరుతూ అడిగాను, నడిపిందెవరని. ఎవరూ చెప్పడం లేదు. నీ ఫోను మోగుతోంది కానీ నువ్వు ఎత్తడం లేదు. నాకు భయంగా ఉంది.

పక్షులు తోలేవాళ్ళ నిర్లక్ష్యమే కారణమని మేనేజరు అప్పుడే రాసేశాడు. ఉద్యోగం పోయేలా ఉంది. పోతే పోనీ. ముందు నువ్వెక్కడున్నావో చెప్పు.

అక్క

*

ప్రియమైన అక్కకి,

ఆ విమానం నాదే. అద్దం నిండా తెలుపు, వెంటనే దెబ్బ, తర్వాత కాలిన వాసన. ఒక ఇంజనుతో తిరిగి రావడం నేర్చుకున్న పనే, చేతులు చేసుకుపోయాయి. దిగాక విచారణవాళ్ళు ఫోను తీసి పక్కన పెట్టారు, అందుకే పలకలేదు. బయటికి వచ్చేసరికి అరలో నీ ఉత్తరం ఉంది.

నీ మొదటి ఉత్తరం తీసి మళ్ళీ చదివాను. గడ్డి సంగతి తేల్చమన్నావు, అంతే. కొట్టమని ఎక్కడా లేదు. ఫోన్లోనే కాదు, కాగితం మీద కూడా నేను సగమే వింటాను.

మేనేజరు మళ్ళీ కాఫీ తెప్పించాడు. తాగలేదు. "కొట్టించమన్నది నేను, వద్దన్నది మా అక్క. మీరు నా యూనిఫాం మాట విన్నారు" అన్నాను. విచారణవాళ్ళ ముందూ అదే చెప్పి సంతకం పెట్టాను. నీ మీద రాసింది కొట్టేశారు. నన్ను మాత్రం విచారణ తేలేదాకా విమానం ఎక్కొద్దన్నారు.

ఖాళీగానే ఉన్నాను కాబట్టి గడ్డి మళ్ళీ మోకాలి దాకా పెరిగేవరకు నీ జీపులో వస్తాను. ఒప్పుకోకపోతే గోడ బయట నిలబడి కొంగలు బెదిరేలా చప్పట్లు కొడతాను. గడ్డి పీకకుండా చూడటమే అక్క ఉద్యోగమని బాబాయికి ఫోన్ చేసి చెప్పాను. ఆయనకి అర్థం కాలేదు. నాకు అర్థమైంది.

నేల మీదున్న
నీ పిచ్చుక