సరస్సు పక్కన ఏడు రోజులు

మోకాళ్లు తప్ప మిగతావన్నీ, బుర్రతో సహా, సక్రమంగా పనిచేస్తున్నాయని పశువైద్యుడి ఎదుట చెప్పి, ఎవరి బలవంతమూ లేకుండా, అరవై తొమ్మిదేళ్ల పాడి రైతునైన నేను రాస్తున్న వీలునామా. ఇదివరకటి రెండూ రద్దు. రెండూ మూడో నిబంధన దగ్గరే చెడ్డాయి.

1. ఇల్లు, కొట్టం, గడ్డి పొలం నా భార్యకు. ఆమె తదనంతరం మా అమ్మాయికి. ఈ వీలునామాను అమలు చేయవలసిందీ అమ్మాయే.

2. పాలు పితికే యంత్రం మా తమ్ముడికి. అది కొన్ననాడు "ఇక నీ చేతులకేం పని అన్నయ్యా, చప్పట్లు కొట్టుకో" అన్నాడు. ఇక ఆ పని వాడే చేసుకోవచ్చు.

3. సరస్సు పక్కన విడిదిలో ఏటా ఏడు రోజులు ఉండే హక్కు. టైమ్‌షేర్ అంటారు. ఇంకా పద్నాలుగేళ్లుంది. కుక్కర్ ఊరికే ఇస్తారంటే వెళ్లి సంతకం పెట్టి వచ్చాను. పూటకు పద్దెనిమిది ఆవులు పితికేవాడు ఏడు రోజులు ఎలా కదులుతాడో ఆనాడు తోచలేదు. పదకొండేళ్లలో నేనూ మా ఆవిడా ఒక్కసారి వెళ్లాం. మూడో రోజు ఆవు ఈనలేకపోతోందని కబురొస్తే నేను వచ్చేశాను. ఆమె ఉండిపోయింది. నిర్వహణ ఖర్చు మాత్రం ఏటా కడుతున్నాను. కొనబోతే కొరివి, అమ్మబోతే అడవి. ఎన్నిసార్లు లెక్కేసినా నష్టమే.

మొదటి వీలునామాలో అమ్మాయికి రాశాను. "ఆ గుదిబండ నా మెడకు కట్టకు నాన్నా" అంది. రెండోదాంట్లో ఆ విడిది కంపెనీకే వదిలేయమన్నాను. చదివి వినిపిస్తే మా ఆవిడ "మీ ఇష్టం" అని, కడిగిన పాలక్యానునే మళ్లీ కడిగింది.

ఆనాడు సరస్సు నుంచి తిరిగొచ్చాక ఎలా ఉందని అడిగితే "ఎవరూ లేపలేదు" అంది. అంతే. నలభై ఒక్క ఏళ్లుగా నాలుగింటికి లేస్తున్న మనిషి. ఆ మాట నన్ను కుదురుగా కూర్చోనివ్వడం లేదు. ఆ వారం ఆమెది.

4. నేను పోయాక నెలలోగా ఆవులన్నీ అమ్మి, ఆ డబ్బు విడిది నిర్వహణ ఖర్చుకు జమ చేయాలి. కుంటి ఆవునూ ఉంచకూడదు. ఒక్కటున్నా ఆమె కదలదు.

5. ఇంతా రాశాక మరో మాట. ఈ ఏటి వారం వచ్చే నెల తొమ్మిదిన మొదలు. అప్పటికి నేను బతికే ఉంటే ఆమె ఒక్కతే వెళ్లాలి. పాలు నేను పితుకుతాను.

తేదీ: మార్చి పద్నాలుగు
సంతకం: పాడి రైతు
సాక్షులు: పశువైద్యుడు, పాల కేంద్రంలో కాటా వేసే మనిషి